కంప్యూటర్‌లో హై-రెజ్ పాటలు: యాప్ చూపించేది వేరు, చెవిలో పడేది వేరు

కావలి, ఒంగోలు లాంటి ఊళ్లలో కూడా ఫైబర్ నెట్ వచ్చేశాక స్పీడ్ గురించి టెన్షన్ లేదు. చిక్కంతా కంప్యూటర్ లోపలే. యాప్‌లో 'హై-రెజ్ లాస్‌లెస్' (ఏమీ కోసేయకుండా, సీడీ కన్నా ఎక్కువ వివరంతో దాచిన పాట) అని కనిపిస్తే చాలనుకుంటాం గానీ, అది సర్వర్ నుంచి ఏమొచ్చిందో చెబుతుందే తప్ప స్పీకర్‌కి ఏం పోతోందో చెప్పదు.

యూట్యూబ్ మ్యూజిక్ వాడేవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు, అందులో వచ్చేది కుదించిన పాటే, ఎంత పెంచినా 256 కేబీపీఎస్ (సెకనుకి ఎన్ని కిలోబిట్ల డేటా అన్న లెక్క) దాటదు. యాపిల్ మ్యూజిక్ 2021 నుంచి మామూలు చందాలోనే 24 బిట్, 192 కిలోహెర్ట్జ్ దాకా ఇస్తోంది. కిలోహెర్ట్జ్ అంటే సెకనుకి శబ్దాన్ని ఎన్ని వేల సార్లు కొలిచారన్న రేటు, బిట్ అంటే ఒక్కో కొలత ఎంత సూక్ష్మమో చెప్పేది. బ్రౌజర్‌లో కాకుండా యాప్ వేసుకుని, సెట్టింగ్స్‌లో ఆడియో క్వాలిటీకి వెళ్లి లాస్‌లెస్ ఆన్ చేయండి. సౌండ్ చెక్ (పాటలన్నిటి వాల్యూమ్ ఒకేలా చేసేది), ఈక్వలైజర్ రెండూ తీసేయండి. మూడు నిమిషాల పాట 192లో 145 ఎంబీ దాకా తింటుంది, మొబైల్ హాట్‌స్పాట్ మీద వినేవాళ్లు చూసుకోవాలి.

ఇప్పుడు అసలు పని. విండోస్ అన్ని చప్పుళ్లనీ ఒకే రేటుకి మార్చి కలిపి బయటికి పంపుతుంది. ఆ రేటు 48 దగ్గర పెట్టి ఉందనుకోండి, 192లో వచ్చిన పాట కూడా 48కి దిగిపోతుంది, యాప్ మాత్రం దర్జాగా 192 అనే చూపిస్తుంది. సెట్టింగ్స్‌లో సిస్టమ్, సౌండ్, కింద 'మోర్ సౌండ్ సెట్టింగ్స్' నొక్కి, మీ స్పీకర్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో 'అడ్వాన్స్‌డ్'కి వెళ్తే డిఫాల్ట్ ఫార్మాట్ ఉంటుంది. యాప్‌లో పాట పక్కన ఏ రేటు ఉందో అదే ఇక్కడ పెట్టాలి. నేను వినే తెలుగు పాటల్లో ఎక్కువ 44.1వే కాబట్టి నాది 24 బిట్, 44100 దగ్గరే ఉంటుంది, ఎప్పుడైనా 96 ఆల్బమ్ వింటే మారుస్తా. అక్కడే ఎన్‌హాన్స్‌మెంట్స్ (శబ్దాన్ని మార్చే ఎఫెక్ట్‌లు) కనిపిస్తే ఆపేయండి. మ్యాక్‌లో ఇదే పని 'ఆడియో మిడి సెటప్'లో చేయాలి. ఎక్స్‌క్లూజివ్ మోడ్ ఉన్న యాప్ అయితే ఈ తిప్పలుండవు, పాట ఉన్న రేటులోనే నేరుగా పోతుంది, మధ్యలో మెయిల్ వచ్చిన టింగ్ శబ్దం కూడా దూరదు.

బ్లూటూత్ హెడ్‌ఫోన్‌తో వింటూ హై-రెజ్ అనుకోవద్దు, గాల్లో పంపేముందు మళ్లీ కుదించేస్తారు. వైరే గతి. డెస్క్‌టాప్‌లో ముందున్న జాక్‌కి పెడితే మౌస్ కదిపినప్పుడల్లా చెవిలో జిర్రుమంటుంది చూడండి, వెనకున్న పచ్చ జాక్‌కి మార్చితే చాలాసార్లు తగ్గుతుంది. తగ్గకపోతే యూఎస్‌బీ డాక్ (DAC, డిజిటల్ పాటని హెడ్‌ఫోన్‌కి పోయే సిగ్నల్‌గా మార్చేది) కొనుక్కోండి. యాపిల్ వాళ్ల చిన్న టైప్-సి డాంగిల్ కూడా డాకే, కాకపోతే 48 దగ్గర ఆగుతుంది. ల్యాప్‌టాప్‌లో హమ్మింగ్ వస్తుంటే చార్జర్ పీకి చూడండి, పీకగానే పోయిందంటే ప్లగ్‌లో ఎర్త్ సరిగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్ చేత చూపించాలి, డాక్ మార్చి లాభం లేదు.

ఇంతా చేసి తేడా ఎంత? 16 బిట్‌కే అతి చిన్న చప్పుడికీ అతి పెద్ద చప్పుడికీ మధ్య 96 డెసిబెల్స్ తేడా పడుతుంది, మే నెలలో నెల్లూరులో ఫ్యాన్ ఐదు మీద తిరుగుతుంటే అందులో సగం కూడా వినపడదు. నన్నడిగితే 192 కోసం పాకులాడేకన్నా ఆ డబ్బులు మంచి హెడ్‌ఫోన్ మీద పెట్టడం మేలు. మీకే తెలియాలంటే మన నెల్లూరు బాలు గారి పాట ఏదైనా తీసుకోండి, చరణం ఎత్తుకునే ముందు ఆయన ఊపిరి పీల్చుకునే చోట, తబలా దెబ్బ తర్వాత మిగిలే మోత దగ్గర చెవి పెట్టండి. వాల్యూమ్ కదపకుండా, మీకు చెప్పకుండా, ఇంట్లో ఎవరితోనైనా లాస్‌లెస్ ఆన్, ఆఫ్ చేయించి ఏది ఏదో కాగితం మీద రాసుకోండి. పదిసార్లలో ఐదారు మాత్రమే సరిపోతే ఏంది అర్థం, మీకు లాస్‌లెస్ ఆపితే వచ్చే మామూలు 256 కేబీపీఎస్ చాలు, డేటా మిగుల్తుంది.