పెద్దపేగు క్యాన్సర్ వంశంలో ఉందేమో తెలుసుకోవడం ఎలా?

పెద్దపేగు క్యాన్సర్ చాలామందికి వంశం వల్ల రాదు. నూరుమంది రోగుల్లో సుమారు ముగ్గురికి మాత్రం లించ్ సిండ్రోమ్ అనే పుట్టుకతో వచ్చే జన్యులోపం కారణం. కణం రెండుగా చీలేటప్పుడు డీఎన్ఏ నకలులో తప్పులు దొర్లుతుంటాయి. వాటిని దిద్దే జన్యువుల్లో ముఖ్యమైనవి ఎంఎల్‌హెచ్1, ఎంఎస్‌హెచ్2, ఎంఎస్‌హెచ్6, పీఎంఎస్2. వీటిలో ఒకటి లోపంతో పుడితే క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది, అదీ చిన్న వయసులోనే. తల్లికో తండ్రికో లోపం ఉంటే ప్రతి బిడ్డకూ వచ్చే అవకాశం సగానికి సగం.

1. మూడు తరాల పట్టిక రాయండి

డబ్బు ఖర్చు కాని పని ఇదొక్కటే. అందరూ తొందరగా ముగించేదీ ఇదే. మనం వంశాన్ని ఇంటిపేరుతో లెక్కపెడతాం కాబట్టి, పెళ్లయి పరకాలకో జనగామకో వెళ్లిన మేనత్తలు, వారి పిల్లలు పట్టికలోకి రారు. జన్యువుకు ఇంటిపేరుతో పనిలేదు. అమ్మ వైపు, నాన్న వైపు వేర్వేరుగా రాయండి. బతుకమ్మకు ఆడబిడ్డలంతా పుట్టింటికి వస్తారు కదా, పెద్దవాళ్లను కూర్చోబెట్టి అడగడానికి అంతకంటే మంచి సమయం దొరకదు.

‘క్యాన్సర్ ఎవరికైనా వచ్చిందా?’ అని అడిగితే లేదనే జవాబు వస్తుంది. కడుపులో గడ్డతో ఎవరు పోయారు, పేగు ఆపరేషన్ ఎవరికైంది, మొలలని మందులు వాడుతూ చిక్కిపోయి పోయినవారెవరు అని అడగండి. ఆడవాళ్ల సంగతి ఇంకా జాగ్రత్తగా అడగాలి. లించ్ ఉన్న స్త్రీలకు గర్భసంచి, అండాశయ క్యాన్సర్ల ముప్పు కూడా ఎక్కువ. మన ఊళ్లలో గర్భసంచి తీయించుకున్నవారు ఎందరో ఉన్నారు. వారిలో చాలామందికి క్యాన్సర్ కాదు, అందుకే అందరినీ లెక్కలో వేయకండి. ఎందుకు తీశారు, బయాప్సీ కాగితం ఉందా అని మాత్రం అడగండి. ప్రతి పేరు పక్కనా జబ్బు ఎన్నో ఏట బయటపడిందో రాయండి.

ముగ్గురు దగ్గరి బంధువులకు ఈ జబ్బులు రావడం, అవి వరుసగా రెండు తరాల్లో ఉండటం, ఒకరికైనా 50 ఏళ్లలోపే రావడం: ఈ మూడూ కలిస్తే అనుమానం బలమైనది. అలాగని ఇవన్నీ కలిసేదాకా ఆగకండి. 50 లోపు ఒక్కరికి వచ్చినా డాక్టరును అడగవలసిందే. మేనరికం సంబంధాలుంటే అదీ చెప్పండి. ఎంయూటీవైహెచ్ అనే మరో జన్యువు తల్లిదండ్రులిద్దరి నుంచీ లోపంతో వచ్చినప్పుడే జబ్బు తెస్తుంది.

2. పరీక్ష జబ్బు వచ్చినవారితో మొదలుపెట్టండి

ఆరోగ్యంగా ఉన్న కొడుకు ముందు రక్తం ఇచ్చి, రిపోర్టులో ఏమీ లేదని నిశ్చింతగా ఉంటే అది తప్పుడు నిశ్చింత. ఇంట్లో తిరుగుతున్న లోపమేదో తెలియనప్పుడు ఆ రిపోర్టుకు విలువ తక్కువ.

ఆపరేషన్‌లోనో బయాప్సీలోనో తీసిన ముక్కను మైనపు దిమ్మలో ల్యాబ్ భద్రపరుస్తుంది. దానిపై ‘ఐహెచ్‌సీ’ పరీక్ష చేసి, ఆ నాలుగు జన్యువులు తయారుచేసే ప్రొటీన్లు ఉన్నాయో లేవో చూస్తారు. రోగి చనిపోయినా దిమ్మ దొరికితే ఈ పరీక్ష చేయవచ్చు. ఒక ప్రొటీన్ లేదని వచ్చినంత మాత్రాన వంశపారంపర్యమని తేలదు. ముఖ్యంగా ఎంఎల్‌హెచ్1 లేకపోవడానికి వయసుతో గడ్డలో వచ్చిన మార్పే కారణం కావచ్చు.

3. జన్యు కౌన్సెలింగ్, ఆ తర్వాతే జన్యు పరీక్షకు రక్తం

మీరు వరంగల్ వైపువారైతే అక్కడ చికిత్స చేస్తున్న సర్జన్‌తోనే మాట మొదలుపెట్టి, రిఫరల్ చీటీ రాయించుకోండి. హైదరాబాద్ నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది. కాజీపేటలో రైలెక్కే ముందు ఫోను చేసి ఓపీ రోజులు, ఖర్చు కనుక్కోండి. ఆరోగ్యశ్రీ చికిత్సకు వర్తించింది కాబట్టి ఈ పరీక్షకూ వర్తిస్తుందని అనుకోవద్దు, అడగండి. పట్టిక, బయాప్సీ రిపోర్టు వెంట ఉండాలి.

రిపోర్టులో ‘అర్థం తేలని మార్పు’ అని రావచ్చు, అంటే అది జబ్బు తెస్తుందో లేదో ఇంకా తెలియదని. దాన్ని పట్టుకొని బంధువులకు పరీక్షలు చేయించకూడదు, ఆపరేషన్లు అంతకన్నా చేయించకూడదు.

4. బంధువులకు చెప్పడం

లోపం దొరికితే మిగిలినవారికి ఆ ఒక్క మార్పు ఉందో లేదో చూస్తే చాలు, ఖర్చు కూడా తగ్గుతుంది. ముందు తోబుట్టువులు, 18 నిండిన పిల్లలు. ‘ఆడపిల్ల సంబంధం చెడిపోతుంది’ అని దాచేవారున్నారు. ఆ భయం ఉత్తదేమీ కాదు. కానీ ఊరంతటికీ చెప్పనక్కరలేదు, పరీక్ష అవసరమైనవారికి రిపోర్టు నకలు ఇస్తే చాలు.

5. కొలనోస్కోపీ తేదీలు

కొలనోస్కోపీ అంటే కెమెరా ఉన్న సన్నని గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష. ఎంఎల్‌హెచ్1, ఎంఎస్‌హెచ్2 లోపం ఉంటే 20–25 ఏళ్ల నుంచి, మిగిలిన రెండింటికి సాధారణంగా 30–35 నుంచి మొదలుపెట్టి, ఏడాదికో రెండేళ్లకో ఒకసారి చేయించాలి. ఇంట్లో మరీ చిన్న వయసులో వచ్చి ఉంటే ఇంకా ముందే. లించ్‌లో చిన్న పాలిప్ (పేగు లోపలి గోడపై మొలిచే బుడిపె) కూడా త్వరగా క్యాన్సర్‌గా మారుతుంది కాబట్టే ఇంత తరచుగా చూస్తారు. కనిపించిన పాలిప్‌ను అక్కడే తీసేస్తారు. స్త్రీలు గర్భసంచి గురించి గైనకాలజిస్టుతో విడిగా మాట్లాడాలి. వందల పాలిప్‌లు వచ్చే ఎఫ్ఏపీ అనే జబ్బున్న ఇళ్లలో మాత్రం పరీక్షలు 10–15 ఏళ్ల వయసులోనే మొదలవుతాయి.

ఇంట్లోని లోపం మీకు లేదని తేలితే మీ ముప్పు అందరితో సమానం. లోపమే దొరకని ఇళ్లలో రోగి తోబుట్టువులు, పిల్లలు 40 ఏళ్లకు, లేదా రోగికి జబ్బు వచ్చిన వయసుకు పదేళ్ల ముందు, ఏది ముందైతే అప్పుడు మొదటి కొలనోస్కోపీ చేయించుకోవాలి. మత్తు ఇస్తారు కాబట్టి ఆ రోజు వెంట ఒకరు ఉండాలి, బండి నడపకూడదు.