బ్రిటన్ యూనివర్సిటీలో చేరే వికలాంగ విద్యార్థులకు: వీసా ఏది ఆపుతుంది, ఏది ఆపదు

వైకల్యం ఉన్నవాళ్లు, దీర్ఘకాలిక జబ్బుకు మందులు వాడేవాళ్లు బ్రిటన్‌లో చదవడానికి బయల్దేరేటప్పుడు అడిగే మొదటి ప్రశ్న, "అక్కడ నాకేమైనా సాయం దొరుకుతుందా?" అని. ప్రభుత్వం నెలనెలా ఇచ్చే డబ్బు వేరు, యూనివర్సిటీ చేసి తీరాల్సిన ఏర్పాట్లు వేరు. స్టూడెంట్ వీసా మొదటిదాన్ని ఆపుతుంది కానీ రెండోదాన్ని ఆపదు. ఈ తేడా తెలియక, "మనకు ఏదీ రాదట" అన్న మాట నమ్మి, హక్కుగా దొరికేవి కూడా అడగకుండా చదువు నెట్టుకొచ్చే పిల్లలను చూస్తే బాధేస్తుంది.

ముందు డబ్బు సంగతి. స్టూడెంట్ వీసాకు ప్రభుత్వ నిధులు తీసుకోకూడదన్న షరతు ఉంటుంది. వైకల్యం ఉన్నవాళ్లకిచ్చే పర్సనల్ ఇండిపెండెన్స్ పేమెంట్ (పిప్ అంటారు), ఆదాయం తక్కువ ఉన్నవాళ్లకిచ్చే యూనివర్సల్ క్రెడిట్, వికలాంగులను చూసుకునేవాళ్లకిచ్చే కేరర్స్ అలవెన్స్ ఈ నిధుల కిందికే వస్తాయి. ఇప్పిస్తామని ఎవరైనా అన్నా వాటికి అప్లై చేయొద్దు. అది వీసా షరతును మీరినట్టవుతుంది, తర్వాత వీసా పొడిగించుకునేటప్పుడు మెడకు చుట్టుకుంటుంది. ఎన్‌హెచ్‌ఎస్ అనే ఇక్కడి ప్రభుత్వ వైద్యం మాత్రం ఈ నిషేధంలో లేదు. ఏడాదికి 776 పౌండ్ల చొప్పున హెల్త్ సర్‌చార్జి మీరు వీసాతోపాటే కట్టేశారు, కాబట్టి మొహమాటపడకుండా వాడుకోండి.

ఇక యూనివర్సిటీ. 2010 నాటి ఈక్వాలిటీ చట్టం ప్రకారం ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్‌లోని యూనివర్సిటీలు వికలాంగ విద్యార్థులకు తగిన సర్దుబాట్లు చేయాలి. మీ పాస్‌పోర్ట్ ఏ దేశానిదన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. ఆ సర్దుబాట్ల ఖర్చు మీ దగ్గర వసూలు చేయకూడదు కూడా. చట్టంలో వైకల్యం అన్న మాటకు అర్థం మనం అనుకునే దానికంటే విశాలం. రోజువారీ పనులకు గట్టిగా అడ్డుపడుతూ 12 నెలలు గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉండే శారీరక, మానసిక సమస్య ఏదైనా ఇందులోకి రావచ్చు. చూపు, వినికిడి, నడక మాత్రమే కాదు, డిస్లెక్సియా, మూర్ఛ, తీవ్రమైన డిప్రెషన్ కూడా. పరీక్షలో అదనపు సమయం, విడిగా గది, లెక్చర్ల రికార్డింగులు, స్లైడ్లు ముందే పంపడం, మెట్లు లేని దారి ఉన్న హాస్టల్ గది, అగ్నిప్రమాదం జరిగితే మిమ్మల్ని ఎలా బయటికి తేవాలన్న రాతపూర్వక ప్లాన్ ఇవన్నీ అడగదగినవే. అయితే స్నానం, భోజనం లాంటి వాటికి మనిషి సాయం కావాల్సినవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి. ఆ ఖర్చు సాధారణంగా యూనివర్సిటీ భరించదు. ఎవరు చూసుకుంటారు, డబ్బెక్కడిది అన్నది టికెట్ కొనకముందే తేలాలి.

కాగితాల దగ్గర మనవాళ్లు ఎక్కువగా తడబడతారు. సదరం సర్టిఫికెట్ గానీ యూడీఐడీ కార్డు గానీ తప్పకుండా తెచ్చుకోండి, కానీ వాటితోనే పని అయిపోతుందనుకోవద్దు. మన దగ్గర అంతా శాతం మీద నడుస్తుంది. 40 శాతం దాటిందా లేదా అన్నదే ప్రశ్న. ఇక్కడ యూనివర్సిటీలో ఈ ఏర్పాట్లు చూసే డిసేబిలిటీ సర్వీస్ వాళ్లకు శాతం అక్కర్లేదు, ఆ సమస్య వల్ల చదువులో ఏది కష్టమవుతుందో కావాలి. అందుకే మీ డాక్టర్ చేత ఇంగ్లిష్‌లో ఒక లెటర్ రాయించుకోండి. జబ్బు పేరు, ఎప్పటి నుంచి ఉంది, వాడే మందులు, వాటివల్ల వచ్చే మగత, ఎంతసేపు రాయగలరు, ఎంతసేపు కూర్చోగలరు ఇవన్నీ అందులో ఉండాలి. ఇంటర్‌లోనో డిగ్రీలోనో స్క్రైబ్‌తో రాసి ఉంటే ఆ అనుమతి పత్రం కూడా దగ్గర పెట్టుకోండి. ఇండియా నిబంధనల్లో గంటకు 20 నిమిషాలు అదనంగా ఇస్తారు. ఇక్కడ మామూలుగా ఇచ్చేది 25 శాతం, అంటే గంటకు 15 నిమిషాలు. అది మీకు చాలకపోతే కారణం చూపించి ఎక్కువ అడగవచ్చు.

వైకల్యం సంగతి యూనివర్సిటీకి ఎప్పుడు చెప్పాలి? ఆఫర్ చేతికి రాగానే. "చెబితే సీటు పోతుందేమో, వీసా ఆగుతుందేమో" అని ఇంట్లో టెన్షన్ పడతారు. వైకల్యం ఉందని వివక్ష చూపడాన్ని చట్టం నిషేధించింది. వీసా కోసం ఇండియాలో చేయించే పరీక్ష టీబీకి సంబంధించినది. సంబంధాలు చూసేటప్పుడు నలుగురికీ తెలుస్తుందన్న బెంగ కూడా వద్దు. డిసేబిలిటీ సర్వీస్‌కు చెప్పిన విషయాన్ని మీ అనుమతి లేకుండా తోటి విద్యార్థులకో బంధువులకో చెప్పరు. పరీక్షల ముందు వారం వెళ్లి అడిగితే మాత్రం వాళ్లు కూడా పెద్దగా ఏమీ చేయలేరు.

రాగానే జీపీ, అంటే మీ ప్రాంతంలోని ఎన్‌హెచ్‌ఎస్ ఫ్యామిలీ డాక్టర్ దగ్గర రిజిస్టర్ అవ్వండి. ఇంగ్లండ్‌లో ప్రిస్క్రిప్షన్‌పై ఒక్కో మందుకు 9.90 పౌండ్లు కట్టాలి. మందులు వాడే షుగర్, రోజూ మాత్ర తప్పని మూర్ఛ, మాత్ర వాడే హైపోథైరాయిడ్ ఉంటే ఎఫ్‌పీ92ఏ అనే ఫారం జీపీ దగ్గర అడగండి. సర్టిఫికెట్ వస్తే మీ మందులన్నీ ఉచితం. స్కాట్లండ్, వేల్స్‌లో అసలు రుసుమే లేదు. ఏడీహెచ్‌డీకి (ఏకాగ్రత నిలవని సమస్యకు) మందులు వాడేవాళ్లు ఇంకొంచెం జాగ్రత్తపడాలి. అవి ఇక్కడ నియంత్రిత మందులు. మూడు నెలలకంటే తక్కువ కాలానికి సరిపడా, డాక్టర్ లెటర్‌తో తెచ్చుకోండి. ఎన్‌హెచ్‌ఎస్‌లో ఏడీహెచ్‌డీ డాక్టర్ అపాయింట్‌మెంట్‌కు నెలలు, కొన్నిచోట్ల ఏళ్లు పడుతుంది.

ఆరోగ్యం బాగాలేక సబ్జెక్టులు తగ్గించుకోవాలన్నా, కొన్నాళ్లు చదువు ఆపాలన్నా ముందు ఇంటర్నేషనల్ స్టూడెంట్ అడ్వైజర్‌ను కలవండి. చదువు ఆపితే యూనివర్సిటీ ఆ సంగతి వీసాలు చూసే ప్రభుత్వ శాఖ హోం ఆఫీస్‌కు తెలపాలి. అది వీసాను తాకుతుంది. ట్యూటర్‌తో మాట్లాడి ఊరుకుంటే సరిపోదు.

ఇక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లల లెక్క వేరు. సెటిల్డ్ హోదా (శాశ్వతంగా ఉండే హక్కు), మూడేళ్ల నివాసం ఉంటే ఇంగ్లండ్‌లో డిసేబుల్డ్ స్టూడెంట్స్ అలవెన్స్ దొరుకుతుంది. 2025-26లో గరిష్ఠంగా 27,783 పౌండ్లు. అప్పు కాదు, తిరిగి కట్టక్కర్లేదు, తల్లిదండ్రుల ఆదాయంతో పని లేదు. కంప్యూటర్ ఇప్పిస్తే మొదటి 200 పౌండ్లు మాత్రం మీవి. పిప్ వస్తున్నవాళ్లకు యూనివర్సిటీలో చేరినంత మాత్రాన అది ఆగదు, కొత్త అడ్రస్ తెలిపితే చాలు. మెలిక ఉన్నది యూనివర్సల్ క్రెడిట్‌లో. ఫుల్‌టైమ్ విద్యార్థికి వైకల్యం ఆధారంగా అది రావాలంటే పిప్ ఉండటంతోపాటు పని చేసే సామర్థ్యం పరిమితమన్న నిర్ణయం కోర్సు మొదలయ్యే ముందే వచ్చి ఉండాలి. 2021 డిసెంబర్ 15 నుంచి నియమం ఇదే. ఆ మదింపుకు నెలలు పడుతుంది. సెప్టెంబర్‌లో కోర్సు అయితే ఏడాది ముందే సిటిజన్స్ అడ్వైస్ అనే ఉచిత సలహా సంస్థ వాళ్లను కలిసి పని మొదలుపెట్టండి.