ఇన్లే ఐదు రోజుల సంత: ఎప్పుడు వెళ్లాలి, ఏమడగాలి, ఏం కొనాలి

ముందు తేల్చుకోవలసింది తేదీ. బర్మాలో షాన్ రాష్ట్రపు ఇన్లే సరస్సు చుట్టుపక్కల జరిగే సంత మన వారపు సంతలాంటిదే. కాకపోతే ఏడు రోజులకు కాదు, ఐదు రోజులకోసారి తిరిగొస్తుంది. హెహో, న్యాంగ్‌ష్వే, నంపాన్, ఇందెయిన్, కలావ్ వంటి ఊళ్లు వంతులు వేసుకుంటాయి. ఒకే రోజు ఒకటికి మించి చోట్ల జరగడం మామూలే. కాబట్టి ‘మంగళవారం ఇందెయిన్ సంత’ అని రాసిపెట్టుకుంటే పప్పులో కాలేసినట్టే, పై మంగళవారానికి అది ఇంకో ఊళ్లో ఉంటుంది. పున్నమికీ అమావాస్యకీ సంత పెట్టరు. బసకు చేరిన సాయంత్రమే పడవ నడిపేవాళ్లని ‘రేపెక్కడ?’ అని అడగండి. ఏ పట్టిక కన్నా ఆ జవాబే నమ్మదగినది.

అంతకన్నా ముందు మాట ఒకటుంది. 2021 ఫిబ్రవరిలో సైన్యం అధికారం చేజిక్కించుకున్నాక దేశంలో చాలాచోట్ల పోరు సాగుతోంది, షాన్ రాష్ట్రమూ మినహాయింపు కాదు. 2025 మార్చి 28 నాటి భూకంపం మధ్య బర్మాను కుదిపేసింది. టికెట్ కొనేముందు భారత విదేశాంగ శాఖ సూచనలు చూడండి. వద్దంటే మానుకోండి.

బర్మా గడియారం మనకన్నా గంట ముందుంటుంది. సంత తెల్లవారకముందే మొదలై, ఎండెక్కేసరికి పలచబడుతుంది. అల్పాహారం కానిచ్చి తొమ్మిదింటికి బయల్దేరితే మిగిలేది బొమ్మలమ్మే కొట్లే. కొండల మీది పఓ జనం నల్లటి దుస్తులు, తలకు రంగురంగుల తువ్వాలు చుట్టుకుని కూరలు, ఆకులు దింపేది పొద్దున్నే. తెచ్చింది అమ్ముడుపోతే, కావలసినవి కొనుక్కుని వెళ్లిపోతారు. న్యాంగ్‌ష్వే నుంచి ఇందెయిన్‌కు పడవలో గంటకు పైగా పడుతుంది, కనుక ఆరింటికల్లా పడవ ఎక్కాలి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా సరస్సు మీద చలి ఎముకలు కొరుకుతుంది. స్వెటర్, చెవులకు మఫ్లర్ తప్పనిసరి. పడవ చిమ్మే నీటి తుంపర్లకు ఫోను ప్లాస్టిక్ సంచిలో పెట్టుకోండి. సరస్సు మీది యవామా ఊళ్లో, ‘తేలియాడే సంత’ అని ఊరించే చోట, నేడు ఎక్కువగా కనబడేది పర్యాటకుల పడవలకు అడ్డంపడే జ్ఞాపికల పడవలే. నేలమీది సంతే ఎంచుకోండి.

ఇక తూకం. తెలుగువాళ్లకు ఇక్కడ ఓ చుట్టరికం దొరుకుతుంది. బర్మా తూకం ‘పెయ్‌క్తా’. ఇంగ్లిషువాళ్లు దాన్ని ‘విస్’ అన్నారు. ఆ మాట దక్షిణ భారతం నుంచి వెళ్లినదే, మన తాతల నాటి వీశె. బరువు మాత్రం ఒకటి కాదు. మన వీశె దాదాపు కిలో నాలుగొందల గ్రాములైతే, బర్మాది కిలో ఆరువందల ముప్పై. ఒక పెయ్‌క్తాకు 100 చాత్‌తాలు, చాత్‌తా అంటే 16.3 గ్రాములు. అరకిలో కావాలంటే 30 చాత్‌తాలు అడిగితే సరిపోతుంది. ధర 5,000 చాత్‌లు (చాత్ అంటే అక్కడి డబ్బు, తూకపు చాత్‌తా కాదు) అన్నారంటే అది కిలోకు కాదు, పెయ్‌క్తాకు. కిలో లెక్కన మూడు వేల పైచిలుకు. ఈ తేడా తెలియక బేరమాడితే ఇద్దరికీ చిరాకే. బియ్యం, పప్పులు తూచరు, కొలుస్తారు. పాలడబ్బాలు ఎనిమిదైతే ఒక ‘ప్యి’. మన సోలలు, తవ్వలు చూసినవాళ్లకు వింతేమీ కాదు.

అంకెలు వేరే లిపిలో ఉంటాయి. నోటుకు ఒకవైపు బర్మా అంకెలు, రెండోవైపు మామూలు అంకెలు ఉంటాయి. చదువుకోవడానికి అంతకన్నా మంచి వాచకం లేదు. సున్నాని ‘తొన్‌న్యా’ అంటారు, అదీ శూన్యమే. అయిదంటే ‘ఙా’. మన వర్ణమాలలో ఏ పనీ లేకుండా కూర్చున్న ఙ ఇక్కడ రోజంతా పనిలో ఉంటుంది, ఎందుకంటే చేపకు కూడా ‘ఙా’ అనే అంటారు.

పలకరింపు ‘మింగలాబా’, అందులో ఉన్నది మన మంగళమే. ‘బేలౌక్ లే?’ అంటే ఎంత. ‘షో పే బా’ అంటే కొంచెం తగ్గించండి. కూరగాయలు, టిఫిన్ల దగ్గర బేరం వద్దు. బట్టలు, సంచులు, బొమ్మల దగ్గర మాత్రం ఆడవచ్చు. బోణీ పట్టింపు అక్కడా ఉంది, దాన్ని ‘జే ఊ పౌక్’ అంటారు. మొదటి అమ్మకపు నోటును సరుకు మీద అటూ ఇటూ తాటిస్తారు. బోణీ వేళ ధర తగ్గించడానికి మొగ్గుతారు, కానీ బేరమాడించి కొనకుండా వెళ్లిపోవడం మాత్రం తగదు. డబ్బు కుడిచేత్తో ఇవ్వండి, ఎడమచెయ్యి కుడి మోచేతిని తాకుతూ ఉండాలి. ఫోటోకు ముందు అనుమతి అడగండి. పిల్లల తల నిమరకండి. భిక్షకు వచ్చే బౌద్ధ భిక్షువులకు దారి వదలండి, ఆడవాళ్లు వాళ్లను తాకకూడదు.

తిండి దగ్గర శాకాహారులు జాగ్రత్తపడాలి. ‘ఙాపి’ అనే పులియబెట్టిన చేపముద్ద కూరల్లో, పచ్చళ్లలో కనబడకుండా కలిసిపోతుంది. ‘తెత్ తత్ లుత్’ అంటే ప్రాణి చంపనిది, అంటే శాకాహారం. అంతటితో ఆగకుండా ‘ఙాపి మథే బానే’, ఙాపి వేయొద్దు, అని కూడా చెప్పాలి. అన్నిటికన్నా నిశ్చింతగా తినదగినది షాన్ తోహు. పేరుకు టోఫూయే గాని సోయాతో పనిలేదు. శనగపిండి, నీళ్లు, పసుపు కలిపి ఉడికించి గట్టిపరిచినది. గట్టిపడకముందు గరిటజారుగా, వేడిగా నూడుల్స్ మీద పోస్తే ‘తోహు న్వే’. మీద మాంసం ముక్కలు చల్లే అలవాటుంది, ముందే వద్దనండి. బల్లమీద ఫ్లాస్కులో ఉన్న లేత టీకి డబ్బులివ్వక్కర్లేదు. పాలటీకి ఇవ్వాలి.

పాతకాలపు తూనికరాళ్లంటూ హింతా పక్షి ఆకారంలో కంచు బొమ్మలమ్ముతారు (హింతా అంటే హంసే). ‘రెండొందల ఏళ్లనాటిది’ అంటే నమ్మకండి, ఎక్కువభాగం కొత్త పోతలే. నిజంగా పాతదైతే దేశం దాటించడం నేరమయ్యే ప్రమాదం ఉంది. తామరనార బట్ట చాలా ఖరీదు, చౌకగా దొరికిందంటే అందులో పత్తో పట్టో కలిసి ఉంటుంది.

‘తనఖా’ (మన తాకట్టు కాదు, అక్కడివాళ్లు ముఖానికి గంధంలా అరగదీసి పూసుకునే కర్ర) కొంటే, వెలగ కుటుంబానికి చెందిన ఆ చెట్టు కొమ్మల్లో బెరడు మందంగా ఉన్నది ఎంచుకోండి, అరగదీసేది బెరడునే. కొనేముందు రాతిమీద రెండు చుక్కల నీళ్లతో రుద్ది చూపించమనండి. ముద్ద లేతపసుపుగా, సన్నటి వాసనతో ఉండాలి. ముడికర్రను మొక్కల క్వారంటైన్ నిబంధనల కింద మన విమానాశ్రయంలో ఆపవచ్చు, డబ్బాల్లో అమ్మే ముద్దే తేలిక. దాని సాన, ‘చౌక్ ప్యిన్’, మోయడానికి బరువే. ఇంట్లో గంధపు సాన ఉంటే అదే చాలు.