కారులో బ్లూటూత్ పాట పలకనప్పుడు ఏది ముందు చూడాలి

స్టీరియో తెర మీద ‘కనెక్టెడ్’ అని కనిపిస్తున్నా స్పీకర్లలోంచి పాట రాకపోతే, బెంగళూరులో ఉన్న మనవాళ్లు కొందరు నేరుగా కారు విడిభాగాల దుకాణాలుండే జేసీ రోడ్డుకు వెళ్లి కొత్త స్టీరియో ధర అడుగుతారు. దానికంటే ముందు, కారును పక్కకు ఆపి, ఇంట్లోవాళ్ల మరో ఫోన్‌ను అదే స్టీరియోకు జత చేసి పాట పెట్టి చూడాలి. ఆ ఫోన్‌తో పాట వస్తే లోపం చాలావరకు మీ ఫోన్‌లోనే ఉంటుంది. దానితోనూ రాకపోతే స్టీరియోను అనుమానించాలి. ఈ సంగతి తేల్చుకోకుండా సెట్టింగులన్నీ మార్చేస్తే సరిగా ఉన్నవి కూడా చెడతాయి.

కాల్ మాట్లాడితే స్పష్టంగా వినిపించి, పాట మాత్రం రాకపోవడం తరచుగా ఎదురయ్యే ఇబ్బంది. బ్లూటూత్‌లో కాల్స్‌కు హెచ్‌ఎఫ్‌పీ, పాటలకు ఏ2డీపీ అని రెండు వేర్వేరు ప్రొఫైల్స్ (ఒక్కో పనికి విడిగా ఉండే పద్ధతులు) ఉంటాయి కనుక, ఒకటి పనిచేస్తూ రెండోది ఆగిపోవడం సాధ్యమే. ఆండ్రాయిడ్ ఫోన్‌లో బ్లూటూత్ జాబితా తెరిచి, కారు పేరు పక్కనున్న గేర్ గుర్తు నొక్కితే ‘ఫోన్ కాల్స్’, ‘మీడియా ఆడియో’ అని విడివిడిగా కనిపిస్తాయి. రెండోది ఆఫ్‌లో ఉంటే ఆన్ చేయాలి. స్టీరియోలో సోర్స్ రేడియో మీద కాక బ్లూటూత్ మీద ఉందో లేదో కూడా చూడాలి. పాట వస్తున్నా మరీ సన్నగా వినిపిస్తే, ముందు ఫోన్‌లో వాల్యూమ్ బాగా పెంచి, తర్వాత స్టీరియోలో సరిచేసుకోవాలి.

పాట తెగితెగి వస్తుంటే కారణం వేరు. బ్లూటూత్ 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండులో పనిచేస్తుంది. ఫోన్‌లో హాట్‌స్పాట్ కూడా అదే బ్యాండులో నడుస్తుంటే రెండూ ఒకదానికొకటి అడ్డుపడతాయి. హాట్‌స్పాట్ ఆపి, ప్యాంటు వెనక జేబులోని ఫోన్‌ను డ్యాష్‌బోర్డు దగ్గర పెట్టి, బ్యాటరీ సేవర్ తీసేసి మళ్లీ వినాలి. వైర్‌లెస్ ఆండ్రాయిడ్ ఆటో (ఫోన్‌లోని యాప్‌లను వైరు లేకుండా కారు తెర మీద చూపేది) వాడేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి: అందులో పాట వైఫై మీద వెళుతుంది, కాబట్టి బ్లూటూత్ సెట్టింగులు ఎంత మార్చినా ఆ తెగుడు పోకపోవచ్చు.

కారులో భార్యాభర్తలిద్దరి ఫోన్లూ ఉంటే, స్టీరియో ఏ ఫోన్‌ను పట్టుకుందో చూసి, అవసరం లేని ఫోన్‌లో బ్లూటూత్ ఆపేస్తే చాలు.

ఇవేవీ పనిచేయకపోతే ఫోన్‌లో కారు పేరును, స్టీరియోలో ఫోన్ పేరును, రెండు వైపులా తొలగించి కొత్తగా జత చేయాలి. ఒక్కవైపే తొలగిస్తే పాత జత వివరాలు రెండోవైపు మిగిలిపోయి మళ్లీ తంటా పెడతాయి. స్టీరియో జాబితా పాత ఫోన్లతో నిండి ఉంటే వాటినీ తీసేయాలి. ఫోన్ నెట్‌వర్క్ సెట్టింగులను రీసెట్ చేయడం చిట్టచివరి మార్గం, ఎందుకంటే దానితో దాచుకున్న వైఫై పాస్‌వర్డులు కూడా పోతాయి.

రెండో ఫోన్‌తోనూ పాట రాకపోతే స్టీరియో మెనూలోని రీసెట్, తయారీదారు ఇచ్చే సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ప్రయత్నించాలి. కారుకు వారంటీ ఇంకా ఉంటే బయటి దుకాణంలో వైరింగ్ కోయించకుండా సర్వీస్ సెంటర్‌కే తీసుకెళ్లి, రెండు ఫోన్లతోనూ అక్కడే చూపించండి.