తావో గ్రంథాలను చదవడం – 4వ పాఠం: వంటవాని కత్తి

కిందటి పాఠంలో, లావోత్జు పేరిట ఉన్న ప్రాచీన చైనా గ్రంథం ‘తావో తె చింగ్’ 4వ అధ్యాయం చదివి, అందులో దేవుని స్థానం ఎక్కడో గుర్తించమని కోరాను. తావో, అంటే సమస్తానికీ మూలమైనది, ఎవరి బిడ్డో తెలియదనీ, అది ‘తీ’ కంటే, అంటే పైలోకపు అధిపతి కంటే, ముందే ఉన్నట్లు తోస్తుందనీ ఆ అధ్యాయం ముగుస్తుంది. లావోత్జు దేవుణ్ణి కాదనలేదు. ఆయన కంటే ముందున్నదానికి సింహాసనమూ వేయలేదు. ఆజ్ఞాపించేవాడే లేనప్పుడు, ‘అంతా దైవమే నడిపిస్తే నా తప్పేమిటి?’ అని మనం అలవాటుగా వేసే ప్రశ్నకు ఈ గ్రంథాలలో జవాబు దొరకదు. తావో గ్రంథకర్తలలో మరొకడైన చువాంగ్ త్జు ‘మింగ్’, అంటే విధి, అనే మాట వాడతాడు గాని, అది రాసేవాడు లేని రాత. కాబట్టి ఈ పాఠంలో నేర్చుకోవలసింది ప్రశ్నను మార్చుకోవడం.

చువాంగ్ త్జు గ్రంథం 3వ అధ్యాయంలో తింగ్ అనే వంటవాడు ఎద్దును కోస్తుంటే ప్రభువు చూచి ఆశ్చర్యపోతాడు. మామూలు వంటవాడు నెలకొక కత్తి, నేర్పరి ఏడాదికొక కత్తి మారుస్తారనీ, తన కత్తి మాత్రం 19 ఏళ్లుగా కొన్ని వేల ఎద్దులను కోసినా ఇప్పుడే సానపట్టినట్లుందనీ తింగ్ చెబుతాడు. కీళ్ల మధ్య సందు ఉంటుంది, కత్తి అంచుకు మందం ఉండదు. ఇక తగలడానికి ఏముంది? చాలామంది పాఠకులు ఇక్కడే మురిసిపోయి ఆగిపోతారు. మీరు ఆగకండి. చిక్కుపడిన కీలు ఎదురైనప్పుడు తింగ్ జాగ్రత్తపడతాడు, చూపు నిలుపుతాడు, చేతిని నెమ్మదింపజేస్తాడు. ‘వు వెయ్’ (బలవంతం చేయకుండా పని సాగించడమనే తావో భావన) అంటే బద్ధకమనీ, తోచినట్లు చేయడమనీ అనుకునేవారికి ఈ ఒక్క వాక్యం చాలు. ఎద్దు ఎముకలు అతడు ఎంచుకున్నవి కావు, అయినా వాటి మధ్య అతని చేయి ఎక్కడా ఇరుక్కోదు. రెండింటిలో ఒకటి ఎంచుకోవడమే స్వేచ్ఛ అనుకునే మనకు దీన్ని స్వేచ్ఛ అనడం మొదట వింతగానే ఉంటుంది.

తావో అంటే దారి. 7వ శతాబ్దంలో లావోత్జు గ్రంథాన్ని సంస్కృతంలోకి మార్చేటప్పుడు, ‘బోధి’ అనాలన్న తావో పండితులతో వాదించి ‘మార్గ’ అనే మాట కోసం పట్టుబట్టిన హ్యుయెన్‌త్సాంగ్, అంతకు కొన్నేళ్ల ముందు మన ధాన్యకటకాన్ని చూచి వెళ్లిన యాత్రికుడే.

అభ్యాసం: వారం పాటు రోజూ ఒకే ఇంటిపనిని, ఉదాహరణకు చపాతీ పిండి కలపడాన్ని, గమనించండి. ఎక్కడ బలవంతం చేశారో, ఎక్కడ నెమ్మదించారో రెండు వాక్యాలలో రాయండి. బాగా చేశారా లేదా అన్నది రాయవద్దు.

ఇక నీతి విషయంలో నాకొక ఇబ్బంది ఉంది. నేర్పు మనిషిని మంచివాణ్ణి చేస్తుందా? చువాంగ్ త్జు గ్రంథం 10వ అధ్యాయంలో చీ అనే దొంగ, దొంగతనానికీ తావో ఉందంటాడు: సొత్తు ఎక్కడుందో పసిగట్టడం జ్ఞానం, ముందుగా చొరబడటం ధైర్యం, చివరగా బయటపడటం న్యాయం, పని సాగుతుందో లేదో ఎరగడం వివేకం, సమంగా పంచడం దయ. గుణాల పేర్లు దొంగకూ పనికివస్తాయన్నది ఆ ఎత్తిపొడుపు. అయితే అదే దెబ్బ వంటవాని నేర్పుకూ తగులుతుందని నాకనిపిస్తుంది. వచ్చే పాఠం తెరిచేలోగా ఈ రెండు కథలనూ పక్కపక్కన పెట్టుకుని, వంటవాని దగ్గర ఉండి దొంగ దగ్గర లేనిది ఏదైనా ఉందేమో, ఉంటే ఏమిటో, మీ పుస్తకంలో రాసిపెట్టుకోండి.