బ్రోకలీ కోసి పక్కన పెట్టండి

బ్రోకలీ, క్యాబేజీ ఒంటికి మంచివని కొంటాం కానీ, హడావిడిలో కోసిన వెంటనే పొయ్యి మీద పడేస్తాం. అక్కడే చాలా లాభం పోతుంది. మనకు కావాల్సిన, ఒంటికి మేలు చేస్తాయనే సల్ఫొరాఫేన్ లాంటి పదార్థాలు ముక్కలో ముందే తయారుగా ఉండవు. కోసినప్పుడు లోపలి ఎంజైమ్ పనిచేస్తేనే పుడతాయి. ఆ ఎంజైమ్‌కి ఎక్కువ వేడి పడదు.

అందుకే వంటగదిలోకి వెళ్లగానే ముందు వీటినే, వీలైనంత సన్నగా కోసి 40 నిమిషాలు అలా వదిలేయండి. ఈలోగా మిగతా వంట చేసుకోవచ్చు. తర్వాత ఆవిరి మీద 3, 4 నిమిషాలు చాలు. ముక్క పచ్చగా, కాస్త కరకరలాడుతూనే ఉండాలి.

ఫ్రోజెన్ ప్యాకెట్‌తో మాత్రం ఇది కుదరదు. గడ్డకట్టించే ముందు వేడినీళ్లలో ముంచి తీస్తారు కాబట్టి ఎంజైమ్ అప్పటికే పోయి ఉంటుంది. దానికి వండాక, దించి కాస్త చల్లారనిచ్చి, 200 గ్రాములకు అర టీస్పూన్ పచ్చి ఆవపిండి కలపండి. ఆవాల్లోనూ అలాంటి ఎంజైమే ఉంటుంది. వేయించిన ఆవాలైతే దండగ. ఇదేదో రోగం తగ్గించే మందని కాదు, ఎలాగూ తినే కూరేగా!