మిద్దె ఎక్కే ముందు ఇల్లంతా ఒకసారి చూసుకోండి

ఉగాది దాటిందంటే మా అనంతపురం వైపు చీకటి పడగానే చాపలు, దిండ్లు మిద్దె మీదికి చేరతాయి. సెగలు కక్కే గదుల్లో నిద్ర ఎలా పడుతుంది? కానీ మనం పైన పడుకుంటే కింద ఇంటిని కనిపెట్టుకునేవాళ్లు ఉండరు. వెలుగుతున్న దీపం, ఛార్జింగ్‌లో ఫోను, కట్టేయని సిలిండర్, అన్నీ అక్కడే ఉంటాయి.

రెండేళ్ల కిందట మా వీధిలో ఒక ఇంట్లో శుక్రవారం దీపం పెట్టి అందరూ పైకి వెళ్లారు. నూనె వాసనకు వచ్చిన ఎలుక మండుతున్న వత్తిని లాక్కెళ్లినట్టుంది. పొగకు మెలకువ వచ్చేసరికి పరుపులు అంటుకున్నాయి. దేవుడి దయవల్ల మనుషులకు ఏమీ కాలేదు. పిల్లల సర్టిఫికెట్లు మాత్రం కాలిపోయాయి. అప్పటినుంచి మా ఇంట్లో దీపం కొండెక్కాకే మేం మిద్దె ఎక్కుతాం. మీరూ దీపాన్ని నీళ్లు పోసిన వెడల్పాటి పళ్లెంలో పెట్టండి. పక్కన పరదాలు, కాగితాలు ఉండకూడదు.

గ్యాస్ దగ్గర మనం చేసే తప్పు, స్టవ్ మీది నాబ్ తిప్పి వదిలేయడం. పడుకునే ముందు రెగ్యులేటర్ దగ్గరే కట్టేయాలి. రబ్బరు ట్యూబు 5 ఏళ్లకు మార్చాలి, ఎలుక కొరికితే ఆ రోజే మార్చాలి. సిలిండర్ తీసుకునేటప్పుడు పిడి కింది పట్టీ మీద అక్షరం, అంకె చూడండి. సిలిండర్‌ను మళ్లీ పరీక్షించాల్సిన గడువు అది. ‘బి’ అంటే ఏప్రిల్ నుంచి జూన్ వరకు, పక్కన ఉండేది సంవత్సరం. గడువు దాటితే తిప్పి పంపేయండి. వంటగ్యాస్ గాలికన్నా బరువు, నేలబారున పేరుకుంటుంది. వాసన వస్తే తలుపులు, కిటికీలు తెరవండి. వాసన పోవాలని ఫ్యాన్ వేయొద్దు. లైటు వేయొద్దు, వెలుగుతుంటే ఆపొద్దు కూడా. స్విచ్ దగ్గర పుట్టే చిన్న నిప్పురవ్వ చాలు. బయటికి వచ్చాకే గ్యాస్ లీకు హెల్ప్‌లైన్ 1906కు ఫోన్ చేయండి.

కూలర్‌లో నీళ్లు అయిపోతే పంపు వేడెక్కుతుంది, చూసుకోండి. ప్లగ్గు చేతికి వేడిగా తగిలితే ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి. పదేపదే ఫ్యూజు పోతోందని లావు తీగ చుట్టడం మాత్రం వద్దే వద్దు.

పల్లెల్లో నాకు ఎక్కువ టెన్షన్ కొట్టాల గురించే. చెనక్కాయ కట్టె వామి ఇంటికి, కొట్టానికి దూరంగా ఉండాలి, కరెంటు తీగల కింద వేయకూడదు. పొయ్యిలో బూడిద నీళ్లు చల్లాకే దిబ్బలో పోయండి, ఎండాకాలం గాలికి అడుగున ఉన్న నిప్పు రాజుకుంటుంది. దోమలకని పశువుల దగ్గర పొగ వేస్తే అది ఆరేదాకా ఒకరు అక్కడే ఉండాలి. కొట్టం గుంజకు ఒక కొడవలి తగిలించి ఉంచండి. మంటల్లో పలుపు ముడి విప్పే వ్యవధి ఉండదు, కోసేయడమే.

మే నెలలో మన దగ్గర కొళాయి ఎప్పుడొస్తుందో తెలియదు, సంపు కూడా అడుగంటుతుంది. అందుకే ఒక డ్రమ్ము నీళ్లు, రెండు బకెట్ల ఇసుక విడిగా ఉంచాలి. కరెంటు వల్ల అంటుకుంటే ముందు మెయిన్ ఆపండి. బాణలిలో నూనె మండితే నీళ్లు పోయకూడదు, మంట ఎగిరి మీద పడుతుంది. స్టవ్ కట్టేసి మూత పెట్టండి. ఒంటి మీది బట్టలకు అంటుకుంటే పరుగెత్తనీయకుండా పడుకోబెట్టి కంబళి చుట్టండి, ఉన్ని త్వరగా అంటుకోదు. కాలిన చోట 20 నిమిషాలు మామూలు నీళ్లు పోయాలి. పేస్టు, ఇంకు రాయొద్దు. మంట పెద్దదైతే సామాన్ల కోసం లోపలికి వెళ్లకుండా 101కు చేయండి. ఊరి పేరుతో పాటు దగ్గర్లోని గుడో బడో గుర్తు చెప్పండి.

తాళంచెవి ఒకరి కొంగున ముడివేసి ఉంచొద్దు. మిద్దె మీదే గోడకు ఒక మేకు కొట్టి, టార్చితో పాటు దానికి తగిలించండి. చీకట్లో కూడా ఇంట్లో అందరి చెయ్యీ నేరుగా అక్కడికే పోవాలి.